ఆంటీకి పెట్టిన కనకాంబరం చీర

పెళ్లి పిలుపు ఫోన్‌లోకి వచ్చింది. తెరవగానే సన్నాయి మోగింది, గులాబీ రేకులు రాలాయి, ఆ తర్వాత అయిదు వేడుకలు కనిపించాయి. ఒక్కో వేడుక కింద ఒక్కో రంగు. మెహందీకి సేజ్ గ్రీన్, హల్దీకి పసుపు, సంగీత్‌కి పేస్టల్ రంగులు, పెళ్లికి సంప్రదాయ పట్టు, రిసెప్షన్‌కి మీ ఇష్టం, కాని మెరవాలి. మా అమ్మ రోజుల్లో గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలమ్మా" అని పిలిచేవారు. రావడమే అడిగేవారు గాని ఏ రంగులో రావాలో చెప్పేవారు కాదు.

"సేజ్ గ్రీన్ అంటే ఏ పచ్చే?" అని మా అమ్మాయిని అడిగాను. దానికి ఏడేళ్లు. ఇక్కడే, సిడ్నీలోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"అమ్మా, ఇట్స్ గ్రీన్, బట్ లైక్, టయర్డ్ గ్రీన్" అంది.

నా బీరువాలో చిలకపచ్చ ఉంది, ఆకుపచ్చ ఉంది, నెమలికంఠం కూడా ఉంది. అలిసిపోయిన పచ్చ మాత్రం ఒక్కటీ లేదు.

ఇంకో ఏడాదైతే ఇదంతా నవ్వుకుంటూ కొనుక్కునేదాన్నే. ఆ ఏడాది శీతాకాలంలో మా ఆయన కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ పొడిగించలేదు. టూంగాబీలో మా ఇంటి అద్దె, కారు, బడి ఖర్చులు, అన్నీ నేను చైల్డ్‌కేర్‌లో తెచ్చే జీతం మీదే నడుస్తున్నాయి. బయట ఎవరికీ చెప్పలేదు. ఆయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవారు. చూసినవాళ్లు ఇంటి నుంచి పని చేస్తున్నారనుకున్నారు. మేమూ అవునని అనలేదు, కాదనీ అనలేదు.

పెళ్లి, మాకు దగ్గరి పేట ద పాండ్స్‌లో ఉండే ఆంటీ కూతురిది. ఇక్కడ పెద్దవాళ్లందరినీ ఆంటీ అనే పిలుస్తాం కాబట్టి, ఆ మాట విని ఆవిడ నాకు ఏమవుతారో అంచనా వేయడం కష్టం. ఆవిడది కాకినాడ, మాది అమలాపురం దగ్గర. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతంలో పక్కపక్కన కూర్చున్నాం, అంతే పరిచయం. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. ఆ కబురు తెలిసి నేను మంచం దిగకుండా ఏడుస్తుంటే ఆంటీ వచ్చి, "వీసా మీ అమ్మకి రాలేదు గానీ నాకు అక్కర్లేదు కదా. లే, అన్నం తిను" అన్నారు. సీమంతం ఆవిడ ఇంట్లోనే చేశారు. పురుడు వచ్చాక ఆఫీసులో ఆలస్యంగా వస్తానని అడిగి, రోజూ పొద్దున్న మా ఇంటికి వచ్చి, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, నాకు పథ్యం అన్నం కలిపి పెట్టి మరీ ఆఫీసుకి వెళ్లేవారు. ఆఫీసుకి కట్టుకెళ్లే చీరకి సాంబ్రాణి వాసన పట్టే ఉండేది. ఆఫీసులో ఏమనుకునేవారో ఆవిడ ఎప్పుడూ పట్టించుకోలేదు.

పిలుపు వచ్చిన సాయంత్రమే ఆంటీ ఫోన్ చేశారు. "నువ్వు అన్నిటికీ నా పక్కనే ఉండాలే అమ్మాయ్. పెళ్లి అంటే నాకిప్పట్నించే కాళ్లూ చేతులూ ఆడట్లేదు. మా ఆడపడుచు ఇండియా నుంచి వస్తోంది గానీ ఆవిడకి ఇక్కడ ఏది ఎక్కడుందో తెలీదు కదా."

ఉంటాను ఆంటీ అన్నాను. ఉండాలనే ఉంది కూడా. సొంత చెల్లెలు చేసేదంతా ఆవిడకి నేను చేయాలి. చేతిలో డబ్బు లేదు. లేదన్న సంగతి ఆవిడకి తెలియకూడదు. తెలిస్తే కూతురి పెళ్లి పనులు వదిలేసి మా ఇంటికి బియ్యం బస్తా వేసుకుని వచ్చే మనిషి ఆవిడ.

"ఒక్క రిసెప్షన్‌కి వెళ్లొద్దాం. మిగతావాటికి పిల్లకి జ్వరమని చెప్పేద్దాం" అన్నారు మా ఆయన.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఆ పిల్లకి నీళ్లు పోసిన మనిషికి ఆ పిల్ల పేరు మీదే అబద్ధం చెప్తారా?" అని అరిచాను. ఆయన కాసేపటికి వెళ్లి పెట్టెలోంచి తన పెళ్లినాటి పట్టుపంచె తీసి, మీద తడిగుడ్డ పరిచి, జాగ్రత్తగా ఇస్త్రీ చేయడం మొదలుపెట్టారు. మా ఇంట్లో క్షమాపణలు ఇలాగే ఉంటాయి.

పాత చీరలు కట్టుకుంటే పోయేది కదా అని బయటివాళ్లకి అనిపిస్తుంది. ఇక్కడ అంత సులువు కాదు. ఒకసారి ఒక చీర కట్టుకున్నామంటే ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతాయి, వాటిని అందరూ గుర్తు పెట్టుకుంటారు. "ఇది మొన్న వాళ్ల గృహప్రవేశానికి కట్టావు కదా, నీకు బావుంటుంది" అని మెచ్చుకుంటున్నట్టే అంటారు. ఆ మెచ్చుకోలు విన్నాక ఆ చీర మళ్లీ బయటికి రాదు.

చైల్డ్‌కేర్‌లో నాతో పని చేసే స్నేహితురాలు ఒకామె గిరావీన్‌లో ఉంటుంది. వాళ్లది కరీంనగర్. వాళ్ల బతుకమ్మ బృందం వేరు, మా కార్తీక వనభోజనాల బృందం వేరు. వాళ్ల ఫోటోలు మాకు రావు, మావి వాళ్లకి వెళ్లవు. అంటే ఆమె చీరలు మావాళ్లెవరూ చూడలేదన్నమాట. ఈ సంగతి తట్టగానే నాకు సంతోషమేసింది గాని, అడగడానికి నోరు రాలేదు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక, పక్కపక్కన కూర్చుని డబ్బాలు తెరిచినప్పుడు, ఎలాగో అడిగేశాను.

"గింత దానికి గంత ఆలోచిస్తున్నవా? పా, ఇయ్యాల డ్యూటీ అయినంక సీదా మా ఇంటికే పోదాం. బీరువ తెరుస్త, నీకేది నచ్చితే అది తీస్కో" అంది.

మంచం నిండా చీరలు పరిచింది. ఒక్కోదాన్నీ నా భుజం మీద వేసి, తల అడ్డంగా ఊపి, తీసేసింది. చివరికి అడుగునుంచి ఒకటి లాగి, "గిది మా ఆడిబిడ్డ పెట్టింది. రంగు ఎలిసిపోయినట్టు ఉన్నదని నేను ఒక్కసారి గూడ కట్టలే" అంది. చూస్తే అదే. మా అమ్మాయి చెప్పిన అలిసిపోయిన పచ్చ. ఇద్దరం మంచం మీద కూలబడి నవ్వుకున్నాం. సంగీత్‌కి లేత గులాబీ లెహంగా, రిసెప్షన్‌కి నీలం చీర, వాటికి తగిన గాజులు, చెవులకి జుంకాలు కూడా సంచిలో పెట్టింది.

"ఏమన్నా అయితే ఎలా? మరక పడితే?" అన్నాను.

"పడితే పడతది. బీరువల ఉండి మాత్రం గవి ఏం చేస్తున్నయ్?" అని సేఫ్టీ పిన్నుల డబ్బా కూడా అందులో పడేసింది.

ఆమెని ఆ పెళ్లికి పిలవలేదు. పెళ్లికూతురి పేరు కూడా ఆమెకి తెలియదు. అయినా ఆ మూడు వేడుకలకీ ఆమే నన్ను ముస్తాబు చేసి పంపింది. చీర కుచ్చిళ్లు ముందే పెట్టి, క్లిప్పులు బిగించి, ఇస్త్రీ చేసి మడత పెట్టుకుంటే కట్టుకోవడం చిటికెలో పని అని నేర్పింది. ఇంటికి వచ్చి ఆ పని మా ఆయనకి అప్పగించాను. కోడ్ రాసే చేతులు కదా, కుచ్చిళ్లు గీత గీసినట్టు వచ్చాయి.

హల్దీకి ఇంట్లో పూజలకి కట్టే పాత పసుపు నూలు చీరే చాలనుకున్నాను. ఒళ్లంతా పసుపు పూసుకునే వేడుకకి కొత్త చీర తీయడం నాకు ముందునుంచీ వింతగానే ఉంటుంది. మా అమ్మాయి "మై హౌస్ షర్ట్ ఈజ్ యెల్లో!" అని బడి ఆటల పోటీల చొక్కా తెచ్చి చూపించింది. సరే అన్నాను. ఆ రోజు దాన్ని చూసి, మెడ దురదపెట్టే జరీ బట్టల్లో ఉన్న మిగతా పిల్లలంతా వాళ్ల అమ్మలతో గొడవపడ్డారు.

అసలు పెళ్లిరోజుకి నా పెళ్లి చీరే తీశాను. దాన్ని ఆల్బమ్‌లో తప్ప సిడ్నీలో ఎవరూ చూడలేదు. చీరకి వయసు రాలేదు గాని జాకెట్టు దగ్గర నా వయసు బయటపడింది. హుక్కులు ఒకదాని మొహం ఒకటి చూడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, మా అమ్మ టైలరు దగ్గర నిలబడి లోపల గుడ్డ బాగా వదిలి, వరసగా కుట్లు వేయించింది. సూది తీసుకుని మొదటి వరస విప్పాను, చాలలేదు. ఇంకో వరస విప్పాను, ఊపిరి బిగబడితే సరిపోయింది. మిగిలినవి కూడా విప్పేశాను, హాయిగా ఊపిరి కూడా ఆడింది. పాత కుట్లు ఉన్నచోట సన్నని చారలు కనిపించాయి, పమిట కింద అవి ఎవరికీ కనిపించవు. వెంటనే అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

"గుడ్డ దండగని ఆవేళ నాతో పోట్లాడావు, గుర్తుందా?" అంది అమ్మ. ఎంత సంతోషమో ఆ మొహంలో, లాటరీ తగిలినట్టు.

ఇక నా ముస్తాబు అయిపోయింది. మిగిలింది ఆంటీకి పెట్టే చీర.

మా వైపు కూతురి పెళ్లి చేసే తల్లికి పుట్టింటివాళ్లు చీర పెడతారు. పీటల మీద ఆ చీరే కట్టుకుని కూర్చుంటే తల్లికి అదొక నిండుదనం. ఆంటీ అమ్మానాన్నలు పోయి చాలాకాలమైంది. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్లు లేరు. ఆవిడ ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు, పెళ్లి పనుల్లో ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే నాకు గట్టిగా తగిలింది. ఆ చీర నేను పెట్టాలి. జాకెట్టు ముక్కతో సరిపెట్టేది కాదు, పీటల మీద కట్టుకోదగ్గ పట్టుచీర పెట్టాలి.

హారిస్ పార్కులో మన బట్టల షాపులకి వెళ్లి ధరలు చూసి తిరిగి వచ్చాను. అప్పు చేసి కొందామన్న ఆలోచన కూడా ఒక పూట మనసులో మెదిలింది, కాదనను.

ఇక్కడ ప్రతి తెలుగింట్లో బీరువా మీదో గరాజ్‌లోనో ఒక సూట్‌కేసు ఉంటుంది. పూజలకీ పేరంటాలకీ మనకి పెట్టిన చీరలూ జాకెట్టు ముక్కలూ అందులో వేస్తాం, మళ్లీ ఎవరికైనా పెట్టాల్సి వచ్చినప్పుడు అందులోంచే తీస్తాం. తెలివైన ఆడవాళ్లు కవరు మీద ఎవరు పెట్టారో రాసి పెట్టుకుంటారు. నేను రాయలేదు. నాకంత గుర్తుంటుందిలే అని ధీమా.

ఆ సూట్‌కేసు అడుగున, తెల్లటి పాత దుప్పటి ముక్కలో చుట్టి, ఒక పట్టుచీర దొరికింది. కనకాంబరం రంగు, ముదురు ఆకుపచ్చ అంచు, అంచు నిండా సన్నని జరీ పిందెలు. ఒక్కసారి కూడా కట్టలేదు. ఇంత మంచి చీర మామూలు రోజున కట్టి పాడుచేయడం ఎందుకని, ఏదో గొప్ప సందర్భం వస్తుందని దాచాను. ఎవరు పెట్టారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పిల్ల పుట్టిన రోజుల్లో వచ్చిన బట్టలు గుట్టలు గుట్టలు, అప్పుడు నేను నిద్ర చాలక తూలుతూ ఉండేదాన్ని.

అద్దం ముందు భుజం మీద వేసుకుని చూశాను. నాకు ఎంత బాగా నప్పిందో చెప్పలేను. ఇది కట్టుకుంటే పాత జాకెట్టూ అక్కర్లేదు, చారలూ అక్కర్లేదు, పెళ్లిలో అందరూ ఒకసారి తిరిగి చూస్తారు. చాలాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత మడత పెట్టి, ఇది ఆంటీది, అని పైకే అన్నాను. పైకి అంటే గాని నా మనసు వినేలా లేదు.

ఫాల్ నేనే చేత్తో కుట్టాను. మా అమ్మాయి ఈత క్లాసు జరుగుతుంటే, కొలను పక్కన బెంచీ మీద, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, నీళ్లు పడకుండా కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. ప్రతి కుట్టుకీ ఆంటీ చేసిన ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఇన్నాళ్లూ ఆ ఇంటికి తీసుకోవడానికే వెళ్లాను, ఇప్పుడు ఇవ్వడానికి వెళ్తున్నాను అనుకుంటే ఎంత తృప్తిగా ఉండేదో.

పెళ్లికూతుర్ని చేసిన రోజున పళ్లెంలో పసుపు, కుంకుమ, అరటిపళ్లు, పూలు, చీర పెట్టుకుని వెళ్లాను. ఆంటీకి బొట్టు పెట్టి, పళ్లెం చేతికిచ్చి, "పుట్టింటి చీర, ఆంటీ" అన్నాను.

ఆంటీ చీర కొంగు విప్పారు. విప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చీర వైపు చూశారు, నా వైపు చూశారు.

పక్కనే ఉన్న ఆవిడ ఆడపడుచు, "ఎంత బావుందమ్మా రంగు! ఎక్కడ కొన్నావు?" అంది.

"ఇండియా నుంచి తెప్పించానండీ" అన్నాను ఠక్కున. నాలుక మీదకి అదే వచ్చింది.

"ఫాల్ కూడా కుట్టేశావా" అని మాత్రం అన్నారు ఆంటీ. చీర పట్టుకుని లోపలికి వెళ్లి, చాలాసేపటికి గాని రాలేదు. వచ్చాక ఆ ఊసు ఎత్తలేదు.

నచ్చలేదు. నాకు అదొక్కటే తోచింది. కూతురి పెళ్లికి ఆవిడ కంచి నుంచి ముదురు ఆకుపచ్చ పట్టుచీర తెప్పించుకున్నారు, దాని ముందు నా చీర ఏ మూలకి? పుట్టింటి చీర అని పేరు పెట్టి ఆవిడని ఇరకాటంలో పడేశాను. కట్టకపోతే నేను బాధపడతాను, కట్టాలంటే ఆవిడకి మనసు లేదు. దారంతా ఇదే చెప్పి మా ఆయన బుర్ర తిన్నాను. "నచ్చకపోతే కట్టుకోరు, అంతే కదా" అన్నారు ఆయన. మగవాళ్లతో చీరల గురించి మాట్లాడకూడదు.

పెళ్లి ముందురోజు పూల సంగతి చూడాల్సి వచ్చింది. అంగట్లో మల్లెపూల మూర ధర విని జడలో ఏమీ వద్దులే అనుకున్నాను. మా పక్కింట్లో ఒక ఆస్ట్రేలియన్ పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. మా రెండిళ్ల మధ్య కంచె నిండా ఆవిడ పెంచిన తీగ అల్లుకుని తెల్లగా పూస్తుంది. స్టార్ జాస్మిన్ అంటారు. మన మల్లె కాదు, తుంచితే పాలు కారి వేళ్లకి అంటుకుంటాయి, కాని ఆ వాసన వస్తే చాలు, మనసు మన ఊరు వెళ్లిపోతుంది. కొన్ని కోసుకోవచ్చా అని అడిగాను.

"టేక్ ద లాట్, లవ్. అన్నీ నా బట్టల మీదే రాలి చస్తున్నాయి" అని ఇంగ్లీషులో విసుక్కుంటూనే, కత్తెర తెచ్చి, బట్టల బుట్ట నిండా కోసి ఇచ్చింది. మాల కట్టి ఒక చిన్న ముక్క ఆవిడకీ ఇస్తే, టోపీకి చుట్టుకుని సాయంత్రమంతా తోటలో తిరిగింది.

పెళ్లినాడు హాల్లో పెళ్లికూతురి గది సందడిగా ఉంది. మేకప్ చేసే అమ్మాయి పెళ్లికూతురి దగ్గర ఉంది. ఆంటీ నన్ను చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లారు. ఆడపడుచు అప్పటికే కంచిపట్టు విప్పి పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆంటీ తన సంచిలోంచి కనకాంబరం చీర తీశారు. ఆకుపచ్చ జాకెట్టు అప్పటికే తొడుక్కుని ఉన్నారు, అది ఈ అంచుకి సరిగ్గా కలిసింది.

"అదేంటి వదినా! అంత దూరం నుంచి తెప్పించుకున్న చీర ఉండగా..." అంది ఆడపడుచు.

"పుట్టింటి చీర వదినా. పీటల మీద ఇదే. కంచిపట్టు సాయంత్రం కట్టుకుంటాలే. మగపెళ్లివారికి కాఫీలు అందాయో లేదో కాస్త చూడవూ" అని ఆవిడని పంపించేసి తలుపు వేశారు.

నేను కింద కూర్చుని కుచ్చిళ్లు పెడుతున్నాను. చీర నచ్చిందన్న ఆనందంలో ఉన్నాను.

"ఎక్కడ కొన్నావన్నావే ఈ చీర?" అన్నారు ఆంటీ పైనుంచి.

"ఇండియా నుంచి, ఆంటీ..."

"హారిస్ పార్కు ఇండియాలో ఏ జిల్లాలో ఉందే?"

తలెత్తి చూశాను. ఆంటీ నవ్వుతున్నారు.

"ఇది హారిస్ పార్కులో నేనే కొన్నాను. నీ సీమంతానికి నేనే పెట్టాను."

కుచ్చిళ్లన్నీ చేతుల్లోంచి జారిపోయాయి. భూమి అక్కడికక్కడే చీలి నన్ను లోపలికి లాక్కుంటే బావుండుననిపించింది. ఆవిడ పెట్టిన చీర, ఆవిడకే, పుట్టింటి చీర అని పేరు పెట్టి, ఇండియా నుంచి తెప్పించానని అందరి ముందూ చెప్పి మరీ పెట్టాను. "ఆంటీ, నేను, నాకు గుర్తు..." అని ఏదో అనబోయాను.

"ముందు కుచ్చిళ్లు పెట్టు, ముహూర్తం దాటిపోతుంది" అన్నారు. నేను పెడుతుంటే మెల్లగా చెప్పారు. "ఆవేళ షాపులో ఇది భుజం మీద వేసుకుని చూసుకున్నానే. వదలబుద్ధి కాలేదు. అప్పుడే ఇల్లు కొన్నాం, చేతిలో ఏమీ ఆడేది కాదు. కొంటే ఒక్కటే కొనాలి. అమ్మ రాలేదని ఏడుస్తున్న పిల్లవి, నీకే పెట్టాలనిపించింది. తర్వాత ప్రతి పండక్కీ చూసేదాన్ని, ఎప్పుడు కడతావా అని. నచ్చలేదేమో అనుకున్నాను."

"మరీ బావుందని దాచుకున్నాను ఆంటీ."

"దాచావులే. నాకోసమే దాచావు."

కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆవిడ వంగి, తన కొంగు కాకుండా నా కొంగుతోనే నా మొహం తుడిచారు.

"ఇంకో మాట విను. మీ ఆయన చలికాలం నుంచి పొద్దుటి రైల్లో కనపట్టం లేదని అంకుల్ ఎప్పుడో చెప్పారు. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఈ పెళ్లి పనుల్లో నాకదే బెంగ. నాకేదో పెట్టాలని ఎక్కడ అప్పు చేసి కొనుక్కొస్తావో అని. పళ్లెంలో ఇది చూశాక ఆవేళ నా ప్రాణం కుదుటపడింది. లోపలికెళ్లి కాసేపు కూర్చున్నాను. అంతే, నచ్చక కాదు."

నేను ఎవరికి ఏ సంగతి తెలియకూడదని ఇన్ని తిప్పలు పడ్డానో, ఆవిడ ఆ సంగతి తెలిసీ, నా పరువు నా దగ్గరే ఉంచి, ఎప్పటిలాగే నాకు పనులు చెబుతూ, విసుక్కుంటూ, నన్ను పక్కనే తిప్పుకున్నారు. అంత సున్నితంగా నన్ను ఇంకెవరూ చూడలేదు. ఆవిడకి పూలు పెట్టి, వంగి కాళ్లకి దండం పెట్టబోతే, "కుచ్చిళ్లు తొక్కుతావ్, లే" అని కసిరారు.

పీటల మీద ఆంటీ, అంకుల్ కూర్చున్నారు. ఆంటీ చెంబుతో నీళ్లు పోస్తుంటే అంకుల్ పెళ్లికొడుకు కాళ్లు కడిగారు. ఆ కనకాంబరం రంగులో ఆవిడ మొహం ఎంత కళగా ఉందో, కంచిపట్టు గుర్తు చేసినవాళ్లు లేరు. అక్షింతలు వేయడానికి వచ్చినావిడ ఎవరో, "చీర చాలా బావుందండీ, ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగింది.

"మా పుట్టింటివాళ్లు పెట్టారండీ" అన్నారు ఆంటీ. అంటూ నా వైపు చూడనైనా చూడలేదు. అంత మామూలుగా అన్నారు.

అప్పగింతలప్పుడు ఆంటీ ఏడవలేదు. అందరూ ఆ ఏడుపు కోసమే చూస్తున్నట్టు కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ నవ్వుతూ, పెళ్లికూతురి సామాన్లు లెక్క చూసుకుంటూ, అందరికీ తాంబూలాలు అందాయా అని అడుగుతూ తిరిగారు. అల్లుడిది మెల్‌బోర్న్. సాయంత్రం రిసెప్షన్ అయ్యాక పిల్ల వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆడపడుచు వాళ్లు ఊరు చూడడానికి బయల్దేరారు.

వాళ్లు వెళ్లగానే ఆంటీ ఫోన్ చేశారు. "ఏం చేస్తున్నావే?" అన్నారు, అంతే. రమ్మని కూడా అనలేదు. నేను ఇంట్లో వేసుకునే పాత కాటన్ డ్రెస్‌లో, నిన్నటి కాటుక ఇంకా కళ్ల కింద ఉండగానే, జుట్టు క్లిప్పులో ఎగదోసుకుని, ఎలా ఉన్నదాన్ని అలాగే కారెక్కి వెళ్లాను. ఆవిడా అలాగే ఉన్నారు, వెలిసిన నైటీలో, మీద తువ్వాలుతో. తలుపు తీసి, నన్ను పైనుంచి కింద దాకా చూసి, నవ్వబోయారు. నవ్వు రాలేదు. నిన్నంతా అంతమంది ముందు ఆపుకున్నదంతా గుమ్మంలోనే నా భుజం మీద ఏడ్చేశారు.

గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆ ఏడుపు ఏడవడానికి ఊరంతటిలో నన్ను పిలుచుకున్నందుకు, ఆవిడ నాకు చేసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అనిపించింది. కాసేపటికి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లోకి వెళ్లి, ఏ గిన్నె ఎక్కడుందో అడగకుండానే తీసి, ఇద్దరికీ టీ పెట్టాను.